గజ్జికుక్క అనే ముందు ఒక్క నిమిషం

ఈసారి పెళ్లిళ్లు, జాతరలు, పాత ఫొటోలు ఏమీ లేవు. మా ఇంటి కుక్క కెంచ గురించి రాస్తా ఉండాం. మన కుటుంబం పేజీలో కుక్క కథ ఏమిటికి అని పెద్దవాళ్లు అడగొచ్చు. కొంచెం ఓపికగా చివరిదాకా చదవండి. ఇది మన ఇళ్లల్లో వాడే ఒక మాట గురించి కూడా.

కెంచ అంటే కన్నడంలో ఎర్రగా ఉండేవాడు. మేము చదివిందంతా కన్నడ మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా కుక్కపిల్లను చూడగానే నోటికి వచ్చిన పేరు అది. శ్రీనివాసపుర పక్కన మన ఊరి బస్టాండులో దొరికిన నాటు కుక్కపిల్ల. బెంగళూరుకు తెచ్చుకున్నాం. రెండేళ్లు ఏ జబ్బూ లేదు. మూడో ఏడు వానలు మొదలైన నెలలో గీరుకోవడం మొదలుపెట్టినాడు. ముందు చెవులు, తర్వాత పాదాలు, తర్వాత చంకలు, పొట్ట. రాత్రి రెండు గంటలకు మెడపట్టీ గలగలమని శబ్దం వస్తే ఇల్లంతా లేచేది. పాదాలు నాకి నాకి వేళ్ల మధ్య తోలు ఎర్రగా పచ్చి అయిపోయింది. పొట్ట మీద వెంట్రుకలు పోయి తోలు నల్లబడి, మందమై, ఒక రకమైన పులిసిన వాసన వస్తా ఉండేది.

మా అవ్వ చూసి ఒకే మాట చెప్పింది. "గజ్జి పట్టిందిరా వాడికి. చంటిబిడ్డ ఉండే ఇల్లు. తోటలో వదిలేసి రాండి."

అవ్వది తప్పని అనడం లేదు. ఆమె చిన్నప్పటి నుంచి ఊర్లో చూసింది అదే. వెంట్రుకలు ఊడిన కుక్క అంటే గజ్జికుక్క. గజ్జికుక్కను ఇంటి దరిదాపుల్లోకి రానీరు. రాయి తీసుకుంటారు. కన్నడంలో కూడా అంతే, కజ్జి నాయి అంటే తిట్టు. రెండు భాషల్లోనూ అది జబ్బు పేరుగా మిగల్లేదు, మనుషులను తిట్టడానికి కూడా పనికొచ్చే మాట అయింది. పేరు పెట్టేస్తే ఇంక మందు మాట ఎవరూ ఎత్తరు, ఎక్కడ వదలాలి అనేదే మిగులుతుంది.

నిజం చెప్పాలంటే మేమూ ఒప్పుకున్నాం. ఒక ఆదివారం పొద్దున్నే కారు తీసినాం. కెంచ షికారుకు పోతామనుకుని వాడంతట వాడే వెనక సీటులో ఎక్కి కూర్చున్నాడు. గీరుకుంటానే కూర్చున్నాడు. అప్పుడు మాకొక సంగతి తట్టింది. అప్పటికి ఏడాదికి పైగా ఈ దురద. వాడు పడుకునేది మా కాళ్ల దగ్గర. గజ్జి అయితే మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ ఒక్క దద్దురు కూడా ఏమిటికి రాలేదు?

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. దినమంతా మా పని ఇదే. ఒకరు "ఇది ఫలానా తప్పు" అని చెబితే, అదేనా అని చూడటం. ఆఫీసులో ఎవరి మాటా నమ్మని మేము ఇంట్లో మాత్రం ఏడాదిగా ఒక్క పరీక్ష లేకుండా ఒక పేరును నమ్మి కూర్చున్నాం. బండి ఆపేసినాం. తోటకు పోలేదు.

గజ్జి అనేది లేని జబ్బు కాదు, ఉంది. సార్కోప్టిస్ అనే కంటికి కనబడని పురుగు తోలులో సొరంగం చేసుకుని బతుకుతుంది. అది కుక్క నుంచి కుక్కకు అంటుతుంది, మనుషులకు కూడా కొన్నాళ్లు దద్దుర్లు తెప్పిస్తుంది. అవ్వ భయానికి ఆధారం అదే. డెమోడెక్స్ అని ఇంకో పురుగు ఉంది. దానివల్ల కూడా వెంట్రుకలు ఊడతాయి, కానీ అది మనుషులకు అంటేది కాదు. వెట్ బ్లేడుతో తోలు కొంచెం గీకి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. కొన్ని నిమిషాల పని. సార్కోప్టిస్ ఒక్కోసారి గీకినా దొరకదు, కాబట్టి అనుమానం ఉంటే దానికి మందు వేసి చూస్తారు. ఇప్పుడు నోటితో మింగే మాత్రలు ఉన్నాయి, పిడుదులు, ఫ్లీ పురుగులు, గజ్జి పురుగు అన్నింటికీ పనిచేసేవి. అంటే నిజంగా గజ్జే అయినా కుక్కను వదిలేయాల్సిన అవసరం లేదు. నయం అయ్యే జబ్బు అది.

మా కెంచకు గీకి చూస్తే ఏ పురుగూ దొరకలేదు. ఆ మాత్ర వేసినా దురద తగ్గలేదు. ఏడాదిన్నర మా ఇంట్లో తిరిగిన ఆ పేరు అక్కడితో ఎగిరిపోయింది.

ఆ ఏడాదిన్నరలో మేము చేసినవి చెప్పుకుంటే సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. మీలో చాలామంది ఇప్పుడు అవే చేస్తా ఉంటారు. ముందు కానుగ నూనె పూసినాం. తర్వాత వేపాకు ఉడికించిన నీళ్లు. తర్వాత గంధకం, కొబ్బరినూనె కలిపి. మెకానిక్ షాపు నుంచి వాడేసిన ఇంజన్ ఆయిల్ తెచ్చి పూయమని ఊర్లో ఒకాయన చెప్పినాడు. అది మాత్రం మా మనసు ఒప్పలేదు. మంచిపనే అయింది. కుక్క ఒంటి మీద ఏది పూసినా నాకుతుంది, ఇంజన్ ఆయిల్ కడుపులోకి పోతే విషం. మనుషుల మెడికల్ షాపులో దొరికే దురద ట్యూబు కూడా పూసినాం. అందులో బలమైన స్టెరాయిడ్ ఉంటుందని అప్పుడు చూసుకోలేదు. మనం వాడే సబ్బుతో తోమినాం. కుక్క తోలు మన తోలు లాంటిది కాదు, మన సబ్బుకు ఇంకా ఎండిపోతుంది.

ఇంటి దగ్గర ఒక క్లినిక్కులో మూడు వారాలకు ఒకసారి ఇంజక్షన్ వేసేవాళ్లు. వేసిన రాత్రి కెంచ హాయిగా పడుకునేవాడు. మేమూ పడుకునేవాళ్లం. రెండు వారాలు దాటితే మళ్లీ మొదలు. ఎన్నో ఇంజక్షన్ తర్వాత గానీ అది ఏమి మందు అని అడగాలని మాకు తోచలేదు. స్టెరాయిడ్ అన్నారు. అప్పటికే వాడు బిందెలు బిందెలు నీళ్లు తాగడం, ఇంట్లో ఉచ్చ పోయడం, ఆకలి ఆకలి అని తిరగడం చేస్తా ఉండినాడు. ముసలివాడు అవుతున్నాడేమో అనుకున్నాం. నాలుగేళ్ల కుక్కకు ముసలితనం ఏమిటి?

స్టెరాయిడ్ చెడ్డదని మేము అనడం లేదు. దురద భరించలేని కుక్కకు అది గంటల్లో పనిచేస్తుంది, చవక. కొన్నాళ్లు వాడి, మెల్లిగా తగ్గించి ఆపితే మంచి మందే. మా ఫిర్యాదు వేరే. దురద దేనివల్ల అని ఎవరూ ఒక్కసారి కూడా వెతక్కుండా, నెలలకొద్దీ నోరు మూయించినట్టు మూయించినారు. మేమూ అడగలేదు. ఆఫీసులో ఎర్రర్ మెసేజీ కనబడకుండా చేసి సమస్య తీరింది అంటే మాకు ఎంత కోపం వస్తుంది! ఇంట్లో అదే చేసినాం.

తర్వాత చర్మజబ్బులు ప్రత్యేకంగా చూసే ఒక వెట్ దగ్గరికి పోయినాం. ఆమె చెప్పిన పద్ధతి మా పనికి దగ్గరగా ఉండటం వల్ల మాకు వెంటనే అర్థమైంది. అలర్జీ ఉందో లేదో ఒక్క పరీక్షతో తేలదు. ఒక్కొక్కదాన్నీ వరుసగా తీసేస్తా పోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చిన ప్రతిసారీ రాసిపెట్టుకోవాలి. ఇంకోటి కూడా చెప్పినారు. మూలం దొరికేదాకా కుక్కను బాధలో ఉంచొద్దు, ఉపశమనం ముందు, వెతుకులాట దాంతోపాటు.

మొదటిది పురుగులు. ఫ్లీ పురుగు ఒంటి మీద కనబడకపోయినా, దాని ఎంగిలి పడని కుక్కకు కొన్ని కాట్లే చాలు, తోక మొదట్లో, నడుము మీద పిచ్చి దురద. అందుకే ఏడాది పొడుగునా పురుగుల మందు తప్పకూడదు. బెంగళూరులో, చెన్నైలో చలికి పురుగులు చచ్చే కాలం అంటూ లేదు. మూర్ఛ వచ్చే కుక్క అయితే ఆ మాత్రల గురించి వెట్‌కు ముందే చెప్పాలి.

రెండోది ఇన్ఫెక్షన్. గీరి గీరి తెగిన తోలులో బాక్టీరియా, ఈస్ట్ పెరుగుతాయి. మా కెంచ పొట్ట మీద వచ్చే పులిసిన వాసన ఈస్ట్‌ది. ఒక టేపు ముక్క తోలుకు అంటించి, రంగు వేసి మైక్రోస్కోపులో చూసి చెప్పినారు. ఇవి ఉన్నంతకాలం అలర్జీ మందు ఏది వేసినా సగమే పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు మందు షాంపూ స్నానం చెప్పినారు. క్లోర్‌హెక్సిడిన్ ఉండే షాంపూ. నురగ పట్టించి 10 నిమిషాలు ఆగి అప్పుడు కడగాలి. మేము అంతకుముందు కూడా అలాంటి షాంపూ వాడినాం, పోసిన వెంటనే కడిగేసి "పనిచేయలేదు" అన్నాం. ఆ పది నిమిషాలే మందు.

మూడోది తిండి. ఇక్కడే మా ఇంట్లో అసలు కష్టం వచ్చింది.

కుక్కల్లో తిండి అలర్జీ ఎక్కువగా కనబడేది గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. తేల్చుకోవడానికి నమ్మదగిన రక్తపరీక్ష లేదు. వెంట్రుకలు పంపండి, ఎంగిలి పంపండి, చెబుతాం అనేవాళ్ల మాట నమ్మొద్దు. ఉన్న దారి ఒకటే. కుక్క ఇంతకుముందు తినని మాంసం ఒకటి, పిండి పదార్థం ఒకటి, అవి మాత్రమే 8 వారాలు పెట్టాలి. లేదంటే దానికోసమే తయారయ్యే ప్రత్యేకమైన తిండి వెట్ రాసిస్తారు, అది ఖరీదు ఎక్కువ. మేము చేప, గెణుసుగడ్డ పెట్టినాం. ఇంకేమీ నోట్లోకి పోకూడదు. బిస్కెట్ ముక్క కూడా.

మన ఇళ్లల్లో కుక్కకు తిండి పెట్టేది ఒక చెయ్యి కాదు. కెంచకు మేము గిన్నెలో పెట్టేది ఒకటి, అవ్వ కంచంలో నుంచి పెట్టేది ఇంకొకటి. పొద్దున రాగి సంగటిలో ఒక ముద్ద వాడిది. మధ్యాహ్నం పెరుగన్నం ఆఖరి పిడికెడు వాడిది. తోటలో వదిలేయమన్న అవ్వే, కానీ పెరుగన్నం పెట్టకుండా ఉండలేదు. పాల పదార్థం కూడా అనుమానంలో ఉందని తెలిసిన రోజు అవ్వ మాట్లాడలేదు. సాయంత్రం అడిగింది. "అయితే నేను పెట్టిన దాంతోనే వాడికి ఇట్లా అయిందా?"

మేము ఆమెకు ఏ జవాబూ చెప్పలేకపోయినాం. తెలిస్తే కదా చెప్పేది.

ఆ 8 వారాలు అవ్వ ఎంత గట్టిగా ఉండిందంటే, ఇంటికొచ్చిన చుట్టాలను కూడా వాడి పక్కన తిననీలేదు. ప్రతిరోజు రాత్రి దురదకు సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసేవాళ్లం. వెట్‌లు కూడా వాడే పద్ధతే అది. సున్నా అంటే మామూలు కుక్క. పది అంటే తిండి, ఆట, నిద్ర ఏది మధ్యలో ఉన్నా ఆపి గీరుకునే కుక్క. మొదలుపెట్టినప్పుడు 8. షాంపూలు, ఇన్ఫెక్షన్ మందులతో 6కు వచ్చింది. తిండి మార్చిన 8 వారాల తర్వాత కూడా 6 దగ్గరే నిలబడింది. పాత తిండి మళ్లీ ఒక్కొక్కటే మొదలుపెట్టినాం. సంగటి పెట్టినాం, కోడి పెట్టినాం, ఆఖర్న పెరుగన్నం పెట్టినాం. అంకె పెరగలేదు.

చాలామంది ఇక్కడ "రెండు నెలలు వృథా" అంటారు. మేము ఒప్పుకోం. ఏమీ దొరకలేదంటే తిండి తప్పు లేదని తేలినట్టు. అంతకంటే ముఖ్యం, అవ్వ చెయ్యి తప్పు లేదని తేలింది. ఆ రోజు ఆమె పెట్టిన పెరుగన్నం పిడికెడు కాదు, ఇంకా కొంచెం ఎక్కువే.

ఇవన్నీ పోగా మిగిలింది ఒకటి. గాలిలో, ఇంట్లో ఉండే వాటికి అలర్జీ. అటోపీ అంటారు. పరుపుల్లో, సోఫాల్లో ఉండే దుమ్ము పురుగులు, పుప్పొడి, వానకాలపు బూజు. సాధారణంగా ఆరు నెలలు, మూడేళ్ల మధ్య వయసులో మొదలవుతుంది. చెవులు, పాదాలు, చంకలు, పొట్ట, దాని చోట్లు ఇవే. మా కెంచ మొదటి నెలలోనే అన్నీ చూపించినాడు, మాకు చదవడం రాలేదు.

ఇది పూర్తిగా నయం అయ్యే జబ్బు కాదు. ఈ మాట ముందే తెలుసుకుంటే చాలా డబ్బు, చాలా ఆశాభంగం తప్పుతుంది. ఒక్క డోసుతో నయం చేస్తాం అనే ప్రతి ఒక్కరినీ వదిలేయొచ్చు. షుగరు, బీపీ లాగా జీవితాంతం చూసుకోవాలి. చూసుకుంటే కుక్క హాయిగా బతుకుతుంది. ఇప్పుడు కెంచకు ఓక్లాసిటినిబ్ అనే మాత్ర. 2013లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు, దురద కబురు నరాలకు చేరకుండా ఆపుతుంది, ఒక రోజులోనే తేడా తెలుస్తుంది. 12 నెలలు నిండని పిల్లలకు, పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్న కుక్కలకు ఇవ్వరు. మధ్యమధ్యలో రక్తపరీక్ష చేస్తారు. సైక్లోస్పోరిన్ అనే ఇంకో మందు ఉంది, దాని గుణం తెలియడానికి నెల, నెలన్నర పడుతుంది. మనం జలుబుకు వేసుకునే అలర్జీ మాత్రలు చాలా కుక్కలకు పెద్దగా పనిచేయవు. ఏది పడదో తేల్చి, దాన్నే కొంచెం కొంచెం ఇచ్చి ఒంటికి అలవాటు చేసే వైద్యం కూడా ఉంది. సగానికి పైగా కుక్కలకు మేలు చేస్తుంది, కానీ ఏడాది దాకా ఓపిక కావాలి.

మందుతో పాటు ఇంట్లో చేసేవి ఉన్నాయి. పరిచే దుప్పటి వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతాం. బయట తిరిగి వచ్చిన వెంటనే పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడుస్తాం. కాంగ్రెస్ గడ్డి పెరిగిన ఖాళీ సైట్ల వైపు తీసుకుపోవడం మానేసినాం. వారం వారం స్నానం. ఇప్పుడు అంకె మామూలుగా 2. జూన్, జులైలో 4 దాకా పోతుంది. అప్పుడు భయపడం, వెట్‌కు ఫోన్ చేస్తాం.

కుక్కకు ఇంత ఖర్చు ఏమిటి అని అడిగేవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. మా లెక్క ఇది. వెతక్కుండా ఏడాదిన్నర పెట్టిన ఖర్చు, వెతకడానికి పెట్టిన ఖర్చు కంటే ఎక్కువ. ఖరీదైన మాత్ర కొనలేనివాళ్లు కొనలేదని తప్పుపట్టం. వెట్ చూస్తా ఉండగా, తక్కువ మోతాదులో, రోజు మార్చి రోజు స్టెరాయిడ్ మాత్ర ఇవ్వడం కూడా ఒక వైద్యమే. గీకి చూడటం, టేపు పరీక్ష పెద్ద ఖర్చు కావు. పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. బెంగళూరు వాళ్లకు హెబ్బాళ, చెన్నై వాళ్లకు వేపేరి, ముంబై వాళ్లకు పరేల్, ఒడిశా వాళ్లకు భువనేశ్వర్. కోలార్, ముళబాగిలు వైపు వాళ్లకు తిరుపతి కూడా దూరం కాదు. డబ్బు లేదనేది ఖరీదైన మందు మానడానికి కారణం కావచ్చు. చూపించకుండా వదిలేయడానికి కారణం కాదు. తిండీ నీళ్లూ లేక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. ఆ ఆదివారం మేము ఆ నేరానికి ఎంత దగ్గరగా పోయినామో ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది.

ఇక ఆ మాట సంగతి. అలర్జీ అంటే ఏమిటని అవ్వ అడిగినప్పుడు మాకు తెలుగులో చెప్పడం రాలేదు. స్కూల్లో తెలుగు చదవలేదు కదా, పెద్ద మాటలు తెలియవు. తడుముకుంటా ఏదో చెబుతా ఉంటే అవ్వే అందుకుంది. "నాకు వంకాయ పడదు చూడు, అట్లనా?"

అంతే అవ్వా. అట్లనే.

అవ్వకు వంకాయ తింటే ఒళ్లంతా దద్దుర్లు. అరవై ఏళ్లుగా ఇంట్లో గుత్తివంకాయ చేసిన రోజు ఆమెకు వేరే కూర చేస్తారు. ఎవరూ ఆమెను తోటలో వదిలేయమనలేదు. "పడదు" అనే మాట మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉంది. కన్నడంలో ఒగ్గల్ల అంటారు, తమిళం వైపు వాళ్లు ఒత్తుక్కాదు అంటారు. గజ్జి అంటే రాయి తీసుకుంటాం. పడదు అంటే ఏది పడదు అని అడుగుతాం, దాన్ని పక్కన పెడతాం. మన దగ్గర రెండు మాటలూ ఉన్నాయి. మనుషులకు ఒకటి, కుక్కకు ఒకటి వాడుతూ వచ్చినాం.

కాబట్టి మా మనవి ఒక్కటే. మీ ఇంట్లో గానీ వీధిలో గానీ కుక్క గీరుకుంటా వెంట్రుకలు ఊడి కనబడితే, పేరు పెట్టే ముందు ఒక్కసారి గీకించి చూపించండి. గజ్జి అయితే మందు ఉంది. కాకపోతే ఏది పడదో వెతకండి.

పోయిన వారం పక్కింటావిడ కెంచ పాదం చూసి "ఏమిటిది, గజ్జా?" అని అడిగింది. మేము నోరు తెరిచేలోపలే అవ్వ జవాబు చెప్పేసింది.

"కాదమ్మా, వాడికి దుమ్ము పడదు."